పొద్దున్నే మీటింగులకు వెళ్తే ఆర్డర్లు వస్తాయా? బెజవాడలో అట్టపెట్టెల యూనిట్ మాది

కానూరు_పెట్టెలు
జనవరి 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కానూరు ఆటోనగర్ దగ్గర చిన్న అట్టపెట్టెల యూనిట్ మాది. 3 ప్లై, 5 ప్లై (అంటే మూడు, ఐదు పొరల) పెట్టెలు చేస్తాం, 11 మంది పనివాళ్ళున్నారు. మా మామయ్యగారు 20 ఏళ్ళు నడిపారు. మోకాళ్ళ నొప్పులతో తిరగలేక రెండేళ్ళ కిందట నాకు అప్పగించారు. అంతకుముందు నాది హైదరాబాదులో ఉద్యోగం.

ఇబ్బంది ఏమిటంటే, పనిలో ముప్పాతిక వంతు ఇద్దరు పార్టీల దగ్గర్నుంచే వస్తుంది. ఇద్దరూ మామయ్యగారి ముఖం చూసి ఇస్తున్నవాళ్ళే. వాళ్ళలో ఒకాయన వ్యాపారం కొడుక్కి అప్పజెప్తున్నారు. ఆ అబ్బాయి మొన్న ఫోన్లో "రేట్లు మెయిల్ చేయండి, చూస్తాం" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

ఆన్‌లైన్ లిస్టింగులకు డబ్బు కట్టి చూశాను. ఫోన్లు వస్తాయి, రేటు అడిగి పెట్టేస్తారు. అదే ఎంక్వైరీ ఇంకో పదిమందికి కూడా వెళ్తుంది కాబట్టి అర్ధరూపాయి తేడా దగ్గర బేరం తెగిపోతుంది.

ఇప్పుడు ఒక రెఫరల్ గ్రూపువాళ్ళు (సభ్యులు ఒకరికొకరు కస్టమర్లను చూపించుకునే గ్రూపు) చేరమంటున్నారు. వారానికోసారి పొద్దున 7కి హోటల్లో మీటింగు. ఒక్కో వ్యాపారం నుంచి ఒక్కరికే చోటు. ఫీజు, టిఫిన్లు కలిపితే ఏడాదికి 50 వేలు దాటుతుంది. మాకది చిన్న మొత్తం కాదు. చేరాలా, లేక ముఖపరిచయాలు పెంచుకోవడానికి వేరే దారుందా?

ప్రెస్_గవర్నర్‌పేట
జనవరి 8, రాత్రి 11:25

చేరకండి. నేను ఇలాంటి గ్రూపులో సరిగ్గా ఏడాది ఉన్నాను. పేరు చెప్పను. వారం వారం ఎవరో ఒకరికి రెఫరల్ ఇవ్వాలి, లెక్క రాసుకుంటారు. ఆ లెక్క కోసం జనం తోచిన నంబరల్లా రాసి ఇచ్చేవాళ్ళు. నేను ఫోన్ చేస్తే అవతలివాళ్ళకు విషయమే తెలియదు, "మీకు నా నంబరు ఎవరిచ్చారు?" అని గట్టిగా అడిగినవాళ్ళూ ఉన్నారు. ఏడాదంతా తిరిగితే పనికొచ్చిన ఆర్డరు ఒకే ఒక్క బ్రోషరు. అదే 50 వేలు పెట్టి మార్కెట్లో తిరగడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకోండి.

బాలానగర్_టూల్‌రూం
జనవరి 9, ఉదయం 6:50

అన్నా, నీ తిప్పలు సమజైంది. మాది హైదరాబాద్ బాలానగర్, అచ్చులు జేసే చిన్న టూల్‌రూం. నాకు మీటింగులు తెల్వది, మా గల్లీ సంగతి జెప్త.

ఒక అచ్చు తయారుగావాలంటే ఐదారు షెడ్లు తిరగాలె. నా దగ్గర మిల్లింగ్ ఉన్నది. వైర్‌కట్ రెండో గల్లీల ఉంటది. స్పార్క్ మెషిన్ ఇంకొకాయన దగ్గర, హీట్ ట్రీట్‌మెంట్ వేరే తాన, గ్రైండింగ్ మళ్ల వేరే. అన్నీ ఒక్కడే పెట్టుకుంటే కోట్లు గావాలె. గందుకే ఇక్కడ ఎవ్వడు ఒంటరిగ బతుకలేడు. 1968ల ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టిన్రు. మా గల్లీల ముగ్గురు ఆడ చదివినోళ్లే. ఒకలి దగ్గర పనిజేసి బయటికొచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నోడు కూడ పాత సేటు దగ్గర్కే పని తెచ్చుకుంటడు.

నీకు జెప్పేది ఒక్కటే. మీ దగ్గర ఇంకా అట్టపెట్టెల యూనిట్లు ఎన్ని ఉన్నయి? వాళ్లను ఎన్నడన్న కలిసినవా? సీజన్ల వాళ్లకు పని ఎక్కువైతది. మెషిన్ ఆగితది. లేబర్ పండుగకు ఊరికి పోతరు. ఆ టైంల ఆ పని ఎవరికి ఇస్తరు? మొఖం తెలిసినోనికే ఇస్తరు. నా మొదటి మూడేండ్ల పనిల సగం పక్క షెడ్లోళ్లు ఇచ్చిందే. వాళ్లను పోటీ అనుకొని దూరం ఉంటే నా షెడ్డు మూతబడేది.

ఒక షరతు ఉంటది. వాళ్లిచ్చిన పనిమీద వాళ్ల కస్టమర్ పేరు కనబడ్తది. ఆ కస్టమర్‌కు నువ్వు ఫోన్ చేసినవా, గల్లీల నీ కథ ఖతం. నా దగ్గరికొచ్చిన డ్రాయింగ్ మీద పార్టీ పేరుంటే నేను ఆ భాగం చింపి వాళ్ల చేతికే ఇస్త, వాళ్ల ముంగటనే.

కానూరు_పెట్టెలు
జనవరి 9, ఉదయం 9:15

బాలానగర్ అన్నా, నిజం చెప్తున్నాను, మా చుట్టుపక్కల బోర్డులు చూడటమే గాని ఒక్క యూనిట్ లోపలికీ వెళ్ళలేదు. మామయ్యగారికీ వాళ్ళకీ మాటల్లేవు, ఎప్పుడో పేపర్ రీళ్ళ దగ్గర వచ్చిన గొడవట. ఈ వారం వెళ్తాను.

తెనాలి_పచ్చళ్ళు
జనవరి 9, మధ్యాహ్నం 2:30

ప్రెస్ గారి అనుభవాన్ని కాదనను గానీ, నా సంగతి వేరుగా జరిగింది, అదీ చెప్పాలి.

నేను ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. ఆరుగురు ఆడవాళ్ళం. మొదటిసారి ఒక వ్యాపారుల సమావేశానికి వెళ్తే హాల్లో నలభై మంది మగవాళ్ళు, ఆడవాళ్ళం మేం ఇద్దరమే. ఎవరూ పలకరించలేదు. "మీ వారు ఏం చేస్తారండీ?" అని మాత్రం ముగ్గురు అడిగారు. ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళకూడదనుకున్నాను.

నాకు దారి దొరికింది డ్వాక్రా బజారులో. పక్క స్టాలు మంగళగిరి చీరలావిడది. పది రోజులు ఒకరి స్టాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడ భోజనానికి వెళ్తే నేను చీరలు మడతపెట్టి ఇచ్చేదాన్ని, నేను వెళ్తే ఆవిడ నా గోంగూర రుచి చూపించేది. ఇవాళ్టికీ హైదరాబాదు నుంచి ఆవిడ దగ్గరికి చీరలకొచ్చేవాళ్ళు నా పచ్చళ్ళు పట్టుకెళ్తారు. పది రోజులు నేను ఎలా మాట్లాడతానో, పాడైన సీసా వెనక్కి తెస్తే ఏం చేస్తానో ఆవిడ కళ్ళారా చూసింది కాబట్టి ధైర్యంగా నా పేరు చెప్తుంది. హోటల్లో ఒక నిమిషం నిలబడి మాట్లాడితే ఆ నమ్మకం ఎవరికి వస్తుంది చెప్పండి?

ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే అలీప్ గురించి తెలుసుకోండి. 1993లో మహిళా పారిశ్రామికవేత్తలే పెట్టుకున్న సంఘం. హైదరాబాదు గాజులరామారంలో వాళ్ళ ఎస్టేటు ఉంది, గన్నవరం దగ్గర సూరంపల్లిలోనూ ఉంది. ఒక గదిలో అందరూ ఆడవాళ్ళే ఉండి లోను గురించి, లేబర్ గురించి మాట్లాడుకుంటుంటే విన్నప్పుడు నాకు కలిగిన బలం ఇంకెక్కడా కలగలేదు.

కానూరు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆవకాయ సీసాలు కొరియర్లో పగిలిపోతున్నాయి. ఒక్కటి పగిలినా నూనె అట్టకంతా పట్టి మిగతా ఐదూ పాడైపోతాయి, పైగా పెట్టె మీద నూనె మరక కనపడితే కొరియర్ వాళ్ళు తీసుకోరు. ఆరు సీసాలకు మధ్యలో గళ్ళున్న పెట్టె కావాలి. అడిగిన యూనిట్లన్నీ 500కి తక్కువైతే చేయలేమన్నాయి. నాకు నెలకు 60 చాలు.

కానూరు_పెట్టెలు
జనవరి 9, సాయంత్రం 5:05

అమ్మా, సీసా ఎత్తు, చుట్టుకొలత పంపండి. వద్దులెండి, ఆదివారం నేనే తెనాలి వస్తాను, సీసా చేత్తో చూడందే గళ్ళ కొలత కుదరదు.

యార్డు_కమీషన్
జనవరి 9, రాత్రి 9:40

మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం, నాన్నగారి నాటి నుంచీ. తెనాలి అక్కయ్య గారు చెప్పినదానికి మా దగ్గరి మాట ఒకటి కలుపుతాను.

ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ 2016లో మొదలైంది, మా యార్డులోనూ కంప్యూటర్లో ధరలు వేస్తారు. అయినా టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ విరిచి, రంగు చూసి, తేమ ఎంతుందో వేళ్ళతో తెలుసుకోకుండా ఏ కొనుగోలుదారుడూ ధర వెయ్యడు. తేజ రకం గానీ, 334 రకం గానీ అంతే. మనిషినీ అలాగే చూస్తారు. రైతు మా దుకాణానికే ఎందుకొస్తాడు? ధర పడిపోయిన ఏడు, "ఇవాళ అమ్మొద్దు బాబాయ్, కోల్డ్ స్టోరేజీలో పెట్టు" అని మా నాన్న చెప్పారు. ఆరోజు ఆయన కమీషన్ పోయింది. ఆ రైతు మనవడు ఇవాళ నా దగ్గరికొస్తాడు.

మీకు పనికొచ్చే మాట: ఎండలు ముదిరాక మే నెలలో యార్డుకు సెలవులిస్తారు. సీజన్లో మమ్మల్ని కలవడానికి వస్తే రెండు నిమిషాలు నిలబడి మాట్లాడే తీరిక కూడా ఉండదు, విసుక్కుంటాం కూడా. సెలవుల్లో రండి. కారం మిల్లులవాళ్ళు, ఎగుమతి చేసేవాళ్ళు అప్పుడు ఖాళీగా దొరుకుతారు. ప్యాకెట్ కారానికి అట్టపెట్టెలు వాడేది వాళ్ళే. ప్రతి వ్యాపారానికీ ఒక తీరిక నెల ఉంటుంది, అది కనుక్కుని ఆ నెలలో వెళ్ళండి.

షీట్‌మెటల్_తమ్ముడు
జనవరి 10, ఉదయం 7:30

ఇక్కడెవరూ అనని మాట ఒకటుంది. ముఖపరిచయం అంటున్నారు, బాగానే ఉంది. మన ఊళ్ళలో పరిచయమైన రెండో నిమిషంలో వచ్చే ప్రశ్న "మీదే ఊరు, ఎవరి తాలూకా?" ఆ ప్రశ్న వెనకున్నదేమిటో అందరికీ తెలుసు. నేను ఎస్సీని. ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టి ఏడేళ్ళు. నాలుగైదు సంఘాల మీటింగులకు వెళ్ళాను. సమాధానం విన్నాక పక్కకు తిరిగి వేరేవాళ్ళతో మాట్లాడిన ముఖాలు నాకు గుర్తున్నాయి. కుటుంబం తరఫున, కులం తరఫున పరిచయాలు ముందే ఉన్నవాళ్ళకు ఈ సలహాలు సులువు.

నాకు మేలు జరిగింది డిక్కీ సమావేశాల్లో. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే మొదలుపెట్టిన దళిత వ్యాపారుల చాంబరు అది. ప్రభుత్వ సంస్థల కొనుగోళ్ళలో మాలాంటివాళ్ళకు కేటాయింపు ఉందన్న సంగతి, టెండరు ఎలా వెయ్యాలన్నదీ అక్కడే నేర్చుకున్నాను. కానూరు గారిని నిరుత్సాహపరచడానికి కాదు ఇది. మీరు ఏ గదిలోకి వెళ్ళినా, అక్కడ ఎవరూ పలకరించని మనిషి ఒకరుంటారు. ముందు అతని పక్కన కూర్చోండి.

గోదావరి_హార్డ్‌వేర్
జనవరి 10, ఉదయం 11:20

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివానండి. నీ మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. నేనూ ఆ గదుల్లో 31 ఏళ్ళుగా కూర్చున్నవాణ్ణే, అలా తిరిగిన ముఖాలు నేనూ చూశాను, చూసి ఊరుకున్నాను. అది తప్పు.

నాది రాజమండ్రి, పెయింట్లు, హార్డ్‌వేరు. రోటరీలో పాతవాణ్ణి. అది ఎలా పుట్టిందో చాలామందికి తెలియదండి. 1905లో షికాగోలో పాల్ హారిస్ అని ఒక లాయరు. పల్లెటూరి నుంచి వచ్చి ఆ పట్నంలో తెలిసినవాళ్ళు లేక ఒంటరితనంతో బాధపడ్డ మనిషి. ఆయన, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగు ఇంజనీరు, ఒక దర్జీ, నలుగురు కూర్చున్నారు. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా, అంటే రొటేషన్‌లో కలిసేవాళ్ళు కాబట్టే రోటరీ అన్న పేరు వచ్చింది. నాకిష్టమైంది ఆ వంతు సంగతేనండి. నీ దుకాణానికి నేనొస్తాను, నా దుకాణానికి నువ్వు రా. హోటల్లో అందరూ ఇస్త్రీ చొక్కాలతోనే కనపడతారు. మనిషి దుకాణానికి వెళ్తే అతను గుమాస్తాతో ఎలా మాట్లాడతాడో, గోడౌను ఎలా ఉంచుకున్నాడో, అప్పు అడగడానికి వచ్చినవాణ్ణి ఎలా కూర్చోబెడతాడో కనపడుతుంది.

కానూరు బాబూ, గ్రూపులో చేరతావో లేదో నీ ఇష్టం. చేరితే మొదటి ఆరు నెలలు ఏమీ అడగకు. పని ఉన్న చోట నిలబడు. మా దగ్గర రక్తదాన శిబిరం పెడితే తెల్లవారుజామున బెంచీలు మోసేవాడెవడో, పదకొండింటికి ఫొటోకొచ్చేవాడెవడో అందరికీ తెలుసండి. పనైపోయాక కరెంటు వైర్లు చుట్టిపెడుతున్న ఒక కుర్రాణ్ణి చూసి మా ఇంటి వైరింగ్ అతనికే ఇచ్చాను. అతను ఎలక్ట్రీషియనని ఆ రోజు దాకా నాకు తెలియనే తెలియదు.

ఇంకొక అలవాటు. నేను చిన్న నోట్‌బుక్ పెట్టుకుంటాను. ఎవరిని కలిసినా ఇంటికొచ్చాక మూడు సంగతులు రాస్తాను: ఆయన ఇబ్బందేమిటి, నేనేం చేస్తానన్నాను, ఏ రోజుకన్నాను. బుధవారం శాంపిల్ పంపుతానంటే బుధవారమే వెళ్ళాలి. కుదరకపోతే మంగళవారమే ఫోన్ చేసి చెప్పాలి.

ఆడిటర్_గుంటూరు
జనవరి 10, రాత్రి 8:00

అందరూ మనసుల సంగతి చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను. పరిచయం మీద వచ్చిన ఆర్డరుకే బాకీలు ఎక్కువ నిలుస్తాయి. అడగడానికి మొహమాటం. నా దగ్గరికొచ్చే చిన్న యూనిట్లలో నష్టంతో మూతపడ్డవాటికంటే, లాభం కాగితం మీద కనిపిస్తూనే చేతిలో డబ్బాడక మూతపడ్డవి ఎక్కువ.

ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందుకున్న 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా సూక్ష్మ, చిన్న యూనిట్లకు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో కూడా దీనికి సంబంధించిన నిబంధన ఒకటి అమల్లోకి వచ్చింది. గడువు దాటిస్తే కొన్నవాళ్ళు ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేరు, చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి.

ఇవన్నీ పార్టీ ముందు చదివితే వ్యాపారం చెడుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే నమోదు) నంబరు బిల్లు మీద ముద్రించండి, చాలు. వాళ్ళ ఆడిటరు చూసుకుంటాడు. గడువు మాత్రం మొదటిరోజే, టీ తాగుతున్నప్పుడే మాట్లాడుకోండి. స్నేహం కుదిరాక ఆ మాట నోటికి రాదు.

కానూరు_పెట్టెలు
ఏప్రిల్ 6, రాత్రి 9:50

మూడు నెలలకు రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీలో ప్రతి ఒక్కరి మాటా నాకు పనికొచ్చింది, ఏం జరిగిందో చెప్పాలి.

ముందు బాలానగర్ అన్న చెప్పినట్టు పక్క యూనిట్‌కు వెళ్ళాను. మామయ్యగారితో మాటల్లేని ఆయన దగ్గరికే. గేటు దగ్గర పది నిమిషాలు నిలబెట్టారు. లోపలికి వెళ్ళాక ఆయన మొదట అడిగింది "మీ మామయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని. రీళ్ళ గొడవ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫిబ్రవరిలో వాళ్ళ స్టిచింగ్ మెషిన్ ఆగిపోతే 4 వేల పెట్టెలు రాత్రికి రాత్రి మా దగ్గర కుట్టించుకున్నారు. పెట్టెల మీద వాళ్ళ కస్టమర్ పేరుంది. మా మనుషులెవరూ ఆ నంబరు రాసుకోకుండా నేను దగ్గరుండి లోడ్ చేయించాను. గత నెల నుంచి మాకు లేని డై కటింగ్ (అచ్చుతో అట్టను ఆకారానికి కోయడం) పని వాళ్ళ దగ్గర చేయించుకుంటున్నాం.

తెనాలి అమ్మగారి పెట్టె నాలుగోసారికి కుదిరింది. మొదటిదానిలో గళ్ళు వదులుగా ఉండి సీసాలు కదిలాయి. రెండోది మరీ బిగుతు, మూత చుట్టూ ఉన్న గుడ్డతో సహా పట్టలేదు. ఇప్పుడు 5 ప్లై, లోపల 3 ప్లై గళ్ళు, అడుగున అదనంగా ఒక అట్ట. ఛాతీ ఎత్తు నుంచి వాళ్ళ వరండాలో ఆవిడే వదిలి చూశారు, ఆరూ బాగున్నాయి. నెలకు 60 నుంచి మొదలైంది. చీరలావిడకూ పెట్టెలు చేస్తున్నాం, ఇంకో ఇద్దరు పచ్చళ్ళవాళ్ళకు కూడా.

మామిడి సీజన్ కదా, బెజవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కు వారం రోజులు తెల్లవారుజామున వెళ్ళాను. మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడోరోజు ఒక పెద్ద వ్యాపారి నా శాంపిల్ తీసుకుని, ఏమీ మాట్లాడకుండా మూల మీద బొటనవేలితో నొక్కారు. తర్వాత చెంబులో నీళ్ళు తీసి అట్ట మీద చల్లి పక్కన పడేసి తన పని తాను చూసుకున్నారు. పావుగంటకు తీసి మళ్ళీ నొక్కారు. "కాయ మగ్గేటప్పుడు చెమట పడుతుంది, ఇది ఆగదు, పేపరు మార్చు" అన్నారు. పేపరు మార్చి రెండ్రోజుల్లో మళ్ళీ పట్టుకెళ్ళాను. బంగినపల్లికి 2 వేల పెట్టెలు ఆర్డరిచ్చారు. గడువు 20 రోజులని అక్కడే, టీ కొట్టు దగ్గరే మాట్లాడుకున్నాం. ఆడిటర్ గారికి ధన్యవాదాలు.

రెఫరల్ గ్రూపుకు రెండుసార్లు అతిథిగా వెళ్ళాను. చేరలేదు ఇంకా. రెండోసారి షీట్‌మెటల్ తమ్ముడు చెప్పిన మాట గుర్తొచ్చి, చివరి టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చున్నాయన పక్కన కూర్చున్నాను. తాడిగడపలో ఎల్ఈడీ లైట్లు అసెంబుల్ చేస్తారట. శుక్రవారం వాళ్ళ యూనిట్ చూడటానికి వెళ్తున్నాను.

"రేట్లు మెయిల్ చేయండి" అన్న అబ్బాయి దగ్గరికి మెయిల్ పంపకుండా నేనే వెళ్ళాను. గోడౌన్లో మా పెట్టెలు ఎక్కడ నలుగుతున్నాయో చూపించమన్నాను. అడుగు వరసలో మూలలు కుంగుతున్నాయి. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చూపించలేదు, మేమూ అడగలేదు. మందం పెంచిన శాంపిల్ పంపాను. పని ప్రస్తుతానికి మాతోనే ఉంది.

ప్రెస్_గవర్నర్‌పేట
ఏప్రిల్ 6, రాత్రి 10:35

చదివి చాలా సంతోషం వేసింది. నా మాట వెనక్కి తీసుకోను, ఆ ఏడాది నాకు దండగే. కానీ ఆ గ్రూపులో నేను ఒక్కరి దుకాణానికీ వెళ్ళలేదన్నది గోదావరి గారి పోస్టు చదివాకే తట్టింది. మామిడి పెట్టెల మీద లేబుళ్ళు ఎక్కడ వేయిస్తున్నారు?

కానూరు_పెట్టెలు
ఏప్రిల్ 6, రాత్రి 10:50

ఇప్పటిదాకా వ్యాపారులే తెచ్చుకుంటున్నారండీ. రేపు 5 గంటలకు నున్న వెళ్తున్నాను, మీరూ వస్తే ఆ పెద్దాయనకు పరిచయం చేస్తాను. రెండు మూడు కాగితాల శాంపిళ్ళు పట్టుకురండి, నీళ్ళు చల్లి చూస్తారు.

ప్రెస్_గవర్నర్‌పేట
ఏప్రిల్ 6, రాత్రి 10:52

వస్తున్నాను. బెంజి సర్కిల్ దగ్గర నాలుగున్నరకు ఉంటాను.